పన్ను లోపలి అల్లిక

(హైదరాబాద్‌లో ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ బల్ల మీద మేక దవడలు రెండు ఉన్నాయి. ఒక ఎద్దు దవడ పన్ను, ఒక పందికొక్కు పుర్రె కూడా ఉన్నాయి. పిల్లల చూపంతా వాటి మీదే ఉంది. వాటి సంగతి చెప్పే ముందు మన కాళ్ళ కింది రాయి గురించి కొంచెం చెప్పాలి.

హైదరాబాద్ గ్రానైటు మీద నిలబడిన ఊరు. గోల్కొండ గుట్టలు, బంజారాహిల్స్ బండలు అన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ రాయిని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎక్కువగా కనిపించేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. మధ్యమధ్య నల్లగా బయొటైట్ అనే అభ్రకం. వీటి సందుల్లో సూదుల్లాంటి చిన్నచిన్న స్ఫటికాలు ఇంకొన్ని కనిపిస్తాయి. వాటి పేరు అపటైట్. మన పళ్ళు, మేక పళ్ళు, పులి కోరలు, ఏనుగు దంతాలు అన్నీ ఈ అపటైట్ కుటుంబానికి చెందిన ఖనిజంతోనే తయారయ్యాయి.

ఖనిజాల కాఠిన్యాన్ని కొలవడానికి మోస్ అనే శాస్త్రవేత్త పెట్టిన వరుస ఒకటి ఉంది. అందులో బలపపు రాయి, అంటే టాల్క్, 1. వజ్రం 10. అపటైట్ స్థానం 5. ఫెల్డ్‌స్పార్‌ది 6, క్వార్ట్జ్‌ది 7. మనం నడిచే దారిలోని ఇసుక రేణువు చాలావరకు క్వార్ట్జే. అంటే పన్ను కన్నా ఇసుక గట్టిది. గోల్కొండ పక్కన మేసే మేక రోజంతా నమిలే గడ్డిలో దుమ్ము ఉంటుంది, గడ్డి ఆకులోనే సిలికా కణాలు ఉంటాయి. తనకన్నా గట్టి దుమ్మును నములుతూ ఆ మేక ఏళ్ళ తరబడి పళ్ళతో బతుకుతుంది. ఏనుగైతే అరవై ఏళ్ళ దాకా బతుకుతుంది. ఇది ఎలా సాధ్యం? ఖనిజం సంగతి మాత్రమే చెబితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకే ఈ సాయంత్రం ఖనిజంతో పాటు దాని అమరిక గురించి కూడా చెప్పదలచుకున్నాను. అమరిక గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఖనిజం. పన్నులో ఉన్నది హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేటు, కొంచెం హైడ్రాక్సిల్ కలిసి ఏర్పడిన స్ఫటికం. పుస్తకంలో రాసే సూత్రం చాలా శుభ్రంగా కనిపిస్తుంది గానీ, ప్రాణి నోట్లో ఈ ఖనిజం ఎప్పుడూ శుద్ధంగా ఉండదు. ఫాస్ఫేటు ఉండాల్సిన కొన్ని చోట్ల కార్బొనేటు చేరుతుంది. కాల్షియం ఉండాల్సిన చోట కొంత సోడియం, కొంత మెగ్నీషియం, అతి కొద్దిగా స్ట్రాన్షియం, జింకు, సీసం వంటివి దూరతాయి. మనిషి పన్ను పైపొరలో కార్బొనేటు బరువులో మూడు నాలుగు శాతం దాకా ఉంటుంది. చూడటానికి ఇది చిన్న అంకే అయినా దాని ప్రభావం చిన్నది కాదు. కార్బొనేటు చేరిన కొద్దీ స్ఫటికం ఆమ్లంలో తొందరగా కరుగుతుంది. నోట్లో బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చినప్పుడు పీహెచ్ విలువ సుమారు 5.5 కన్నా దిగితే పన్ను పైపొర కరగడం మొదలవుతుంది. ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు మళ్ళీ ఆ లోటును కొంత పూడుస్తాయి. ఈ కరగడం, పూడటం రోజూ మన నోళ్ళలో జరుగుతూనే ఉంటాయి.

పన్నులో మూడు రకాల గట్టి పదార్థాలు ఉంటాయి. పైన పింగాణి, మనం ఎనామిల్ అని పిలిచేది. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. మిగతాది నీరు, ఒక శాతం చుట్టుపక్కల ప్రొటీను. దాని లోపల డెంటిన్. అందులో ఖనిజం 70 శాతం, మిగిలిన దానిలో ఎక్కువ భాగం కొలాజెన్ అనే నారలాంటి ప్రొటీను, ఆపైన నీరు. మూడోది సిమెంటం. ఇది ఎముకకు దగ్గరి చుట్టం. మన పళ్ళలో వేరు చుట్టూ మాత్రమే పలుచగా ఉంటుంది. ఆవు, గుర్రం, ఏనుగు పళ్ళలో పైభాగాన్ని కూడా కప్పి ఉంటుంది. డెంటిన్ పింగాణి కన్నా మెత్తన, కానీ తొందరగా పగలదు. పింగాణి గట్టిది, కానీ పెళుసు. డెంటిన్ ఆసరా లేకుండా పింగాణి ఒంటరిగా నిలబడలేదు.

ఇక అమరికకు వద్దాం. గనిలో దొరికే అపటైట్ ముక్కను సుత్తితో కొడితే పగులు అడ్డంగా, నేరుగా సాగిపోతుంది. అదే ఖనిజంతో చేసిన పన్నులో పగులు అలా సాగదు. మొదలవుతుంది, కొంత దూరం పోతుంది, వంకర తిరుగుతుంది, ఆగుతుంది. పెద్దవాళ్ళ ముందు పళ్ళను పక్క నుంచి టార్చి వేసి చూస్తే నిలువునా సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. అలాంటి పళ్ళతోనే వాళ్ళు జీవితాంతం అన్నం తింటున్నారు. పగులు రాకుండా ఆపడం కన్నా వచ్చిన పగులును పక్కకు తిప్పడంలోనే పన్ను బలమంతా ఉంది.

పింగాణిలో ఒక్కో స్ఫటికం వెడల్పు సుమారు 50 నానోమీటర్లు. మందం అందులో సగం. పొడవు మాత్రం చాలా ఎక్కువ. ఇలాంటివి వేల కొద్దీ ఒక కట్టగా చేరితే ఒక ప్రిజం అవుతుంది. దాని అడ్డుకొలత అయిదు మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే మిల్లీమీటరులో రెండు వందల వంతు. డెంటిన్ అంచు నుంచి పన్ను ఉపరితలం దాకా ఈ ప్రిజంలు వరుసగా సాగుతాయి.

వీటిని కట్టేది ఎమెలోబ్లాస్ట్ అనే కణం. చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు ఈ కణాలు డెంటిన్ మీద ఒక పొరగా నిలబడి, ఒక్కొక్కటి తన వెనుక ఒక ప్రిజంను వదులుతూ బయటి వైపు జరుగుతాయి. మనిషి పన్నులో రోజుకు సుమారు నాలుగు మైక్రాన్లు. మొదట వదిలేది మెత్తని పదార్థం. అందులో ఎమెలోజెనిన్ అనే ప్రొటీను ఎక్కువ, ఖనిజం తక్కువ. తరువాత ఆ కణాలే ప్రొటీనును కత్తిరించే ఎంజైములను వదులుతాయి. ముక్కలైన ప్రొటీనును వెనక్కి తీసుకుంటాయి. ఆ జాగాలోకి కాల్షియం, ఫాస్ఫేటు చేరుస్తాయి. సన్నగా ఉన్న స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ముందు ప్రొటీనుతో నమూనా వేసి, తరువాత ఆ ప్రొటీనునే తీసేసి రాయిని నింపడం అన్నమాట. శరీరంలో ఇలా జరిగే పని మరొకటి చూపించడం కష్టం.

పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికి ఈ కణాల పని అయిపోతుంది, అవి నశిస్తాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎందుకంటే దానిలో బతికున్న కణాలు ఉన్నాయి. పింగాణిలో కణాలు లేవు. అందుకే అది ఊడితే మళ్ళీ పుట్టదు. పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది: పింగాణి తయారయ్యే రోజుల్లో ఏ లోపం జరిగినా అది ఆ పన్నులో అలాగే ఉండిపోతుంది. ప్రిజంల మీద రోజువారీ గీతలు ఉంటాయి. వారానికో, పది రోజులకో ఒకసారి ముదురు గీత పడుతుంది, వాటిని రెట్జియస్ రేఖలు అంటారు. పాల పళ్ళలో బిడ్డ పుట్టిన రోజుకు కూడా ఒక గీత ఉంటుంది. గర్భంలో తయారైన పింగాణి ఆ గీతకు ఒక పక్క, పుట్టాక తయారైనది మరో పక్క.

ఇప్పుడు ఆ ఎద్దు పన్నును చూద్దాం. దీన్ని నిలువునా సన్న రంపంతో కోశాను. కోసిన ముఖాన్ని గరుకు కాగితం మీద, నీళ్ళు వేస్తూ, ముతక నుంచి సన్నం దాకా వరుసగా రుద్దాను. ఇలా అద్దంలా నునుపైన ముఖాన్ని తడిపి, దీపాన్ని నేరుగా కాకుండా బాగా పక్క నుంచి వేయాలి. బడిలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని చాలు, తక్కువ వృద్ధీకరణలోనే చూడాలి. డెంటిన్‌కు దగ్గరగా ఉన్న పింగాణిలో వెలుగు పట్టీ, చీకటి పట్టీ, మళ్ళీ వెలుగు పట్టీ అని వరుసగా కనిపిస్తాయి. దీపాన్ని అవతలి పక్కకు మార్చండి. వెలుగుగా ఉన్న పట్టీ చీకటి పడుతుంది, చీకటిగా ఉన్నది వెలుగుతుంది. రంగు తేడా అయితే దీపం మారిస్తే మారదు కదా. ఇది దిశల తేడా. ఒక పట్టీలో ప్రిజంలు ఒక పక్కకు వాలి ఉంటాయి, పక్క పట్టీలో రెండో పక్కకు. నులక మంచంలో తాళ్ళు ఒకదాని మీదుగా ఒకటి ఎదురెదురు దిశల్లో సాగినట్టు ఈ వరుసలు ఒకదానినొకటి దాటుతూ పోతాయి. 18వ శతాబ్దపు శస్త్రవైద్యుడు జాన్ హంటర్, ఆ తరువాత జర్మన్ శాస్త్రవేత్త ష్రేగర్ వీటిని గమనించారు. అందుకే హంటర్–ష్రేగర్ పట్టీలు అనే పేరు. పగులు ఒక పట్టీలోని ప్రిజంల వెంట సాగి, పక్క పట్టీకి వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. అక్కడ తిరగాలి, లేదా ఆగాలి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉన్న ప్రయోగశాలలో ఇంకా లోపలికి వెళ్ళవచ్చు. నునుపు చేసిన ముఖానికి కొద్ది సెకన్లు పలుచని ఆమ్లం తగిలిస్తారు. స్ఫటికాల దిశను బట్టి కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ కరిగి ప్రిజంల ఆకారాలు ఉబ్బెత్తుగా తేలుతాయి. దాని మీద బంగారం పలుచని పూత వేసి ఫొటో తీస్తారు. తెర మీద మీరు చూస్తున్న ఫొటో అలా తీసిందే.

ఈ పట్టీలు అన్ని జంతువుల్లో ఒకేలా ఉండవు, నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. పులి కోరలో పట్టీలు అలల్లా ఉంటాయి. ఎముకలను కొరికి మింగే దుమ్ములగొండి పళ్ళలో ఆ అలలు మరీ వంకరలు తిరిగి, కోసుగా వంగిన మలుపుల వరుస అవుతాయి. పన్ను మీద అన్ని దిక్కుల నుంచీ బరువు పడుతుంది కాబట్టి ఏ దిక్కున పగులు వచ్చినా అడ్డం నిలబడే అమరిక అది. పురుగులను తినే చిన్న క్షీరదాల్లో చాలావాటికి పట్టీలే ఉండవు. చిన్న దవడ, చిన్న బలం, ఆ అవసరం రాలేదు.

మరి మంజీర నదిలోని మొసలి? దాని పింగాణిలో పట్టీల మాట అటుంచి, ప్రిజంలే ఉండవు. స్ఫటికాలన్నీ దాదాపు ఒకే దిక్కున నిలబడి ఉంటాయి, పొర కూడా పలుచన. మొసలి పళ్ళు జీవితాంతం ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. క్షీరదాలకు ఉన్నవి రెండే విడతలు, పాల పళ్ళు, తరువాత వచ్చేవి. ఒకసారి వచ్చిన పన్ను చాలా కాలం నిలవాలి. ఈ లెక్క సరైనదే అనడానికి ఒక సాక్ష్యం ఉంది. సరీసృపాల్లో ప్రిజంలు ఉన్న పింగాణి ముళ్ళతోక బల్లుల జాతిలో కనిపించింది. అవి ఆకులు తింటాయి, నమిలే పళ్ళను మార్చుకోవు.

సొరచేపది మరో రకం. దాని పన్ను పైపొరలో ఉన్నది ఫ్లోర్ అపటైట్. హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్ ఉంటుంది, ఆ ఖనిజం ఇంకొంచెం గట్టిది, ఆమ్లానికి తొందరగా కరగదు. కాబట్టి సొర పన్ను మన పన్ను కన్నా గట్టిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. 2012లో పరిశోధకులు కొలిచి చూస్తే రెండింటి కాఠిన్యం దాదాపు సమానంగా తేలింది. మన పింగాణిలోని ఖనిజం కొంచెం మెత్తనిదే అయినా దాని అమరిక ఆ లోటును తీర్చింది. నా ప్రసంగానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చేపల మాట వచ్చింది కాబట్టి, వంటింట్లో చూడగలిగిన సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. కొర్రమీను నోరు తెరిస్తే పళ్ళు కనిపిస్తాయి. బొచ్చె, రాగండి చేపల నోట్లో వెతికితే ఒక్క పన్నూ దొరకదు. వాటి పళ్ళు గొంతులో, మొప్పల వెనుక ఉంటాయి. తల శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్తగా చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు మేక దవడ. దవడ పన్ను నమిలే ముఖం మీద వేలు పెట్టి చూడండి. ఈ పిల్లవాడు వేలు పెట్టి గరుకుగా ఉందంటున్నాడు. సరిగ్గా అదే. పింగాణి ఇక్కడ పన్నును పైన టోపీలా కప్పలేదు, మడతలు మడతలుగా లోపలికి దిగింది. నమలడం వల్ల పైభాగం అరిగితే పింగాణి, డెంటిన్, సిమెంటం మూడూ పక్కపక్కన బయటపడతాయి. మూడింటి కాఠిన్యం వేరు. మెత్తనివి ముందు అరిగి గుంటలు పడతాయి, పింగాణి గట్టులా పైకి నిలుస్తుంది. మరింత అరిగినా ఇదే వరుస, గట్లు ఎప్పుడూ కొత్తగా ఉంటాయి. అరుగుదల పన్నును పాడుచేయడం మాట అలా ఉంచి, దానికి పదును పెడుతోంది. పన్ను ఎత్తు చాలా భాగం దవడ ఎముకలోనే దాగి, అరిగిన కొద్దీ పైకి వస్తుంది.

ఏనుగు ఈ ఏర్పాటును చివరి మెట్టు దాకా తీసుకుపోయింది. దాని దవడ పన్ను ఒక్కటే ఇటుకంత ఉంటుంది. ఆసియా ఏనుగు చివరి దవడ పన్నులో పింగాణి పలకలు ఇరవైకి పైగా, నిలువునా ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో సిమెంటం. జీవితకాలంలో ఒక్కో పక్క ఆరు పళ్ళు వరుసగా వెనుక నుంచి ముందుకు జరుగుతూ వస్తాయి. ఆరోది అరిగిపోతే ఏనుగు నమలలేదు. అడవిలో ముసలి ఏనుగు చాలాసార్లు ఆకలితోనే పోతుంది.

దాని దంతం మాత్రం పూర్తిగా వేరు. అది పై దవడ ముందు పన్ను, అంతా డెంటినే. మొలిచిన కొత్తలో కొనకు ఉండే కొద్దిపాటి పింగాణి త్వరగా అరిగిపోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు కుర్చీలు, బొమ్మలు మనలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు చెక్కడం పనితనంతో పాటు, దంతం అడ్డంగా కోసిన ముఖం ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి. రెండు దిక్కుల నుంచి వచ్చే వంకర గీతలు ఒకదానినొకటి కోస్తూ గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. డెంటిన్‌లోని సన్న గొట్టాల అమరిక వల్ల ఏర్పడే గీతలు అవి, ఏనుగు కుటుంబానికే ప్రత్యేకం. దంతం బయటి అంచు దగ్గర ఇవి కలిసే కోణం నేటి ఏనుగుల్లో 115 డిగ్రీలకు పైబడి ఉంటుంది, అంతరించిన మామత్‌లలో 90 కన్నా తక్కువ. 1989లో అంతర్జాతీయ ఒప్పందం ఏనుగు దంతాల వ్యాపారాన్ని నిషేధించాక, మామత్ దంతమని చెప్పి ఏనుగు దంతాన్ని అమ్మేవాళ్ళను పట్టుకోవడానికి అధికారులకు ఈ కోణం పనికివచ్చింది. పన్ను సూక్ష్మ నిర్మాణం తెలిసినందువల్ల బతికున్న ఏనుగులకు మేలు జరుగుతోంది. నాకు ఇది చాలా సంతోషం కలిగించే విషయం.

పందికొక్కు పుర్రెను ఇటు తిప్పుతాను. ముందు పళ్ళు నారింజ రంగులో ఉన్నాయి, చూడండి. ఇది పాచి కాదు, ఎంత తోమినా పోదు. పింగాణి పైపొరలో చేరిన ఇనుము వల్ల వచ్చిన రంగు. ఈ పన్నుకు ముందు వైపు మాత్రమే పింగాణి ఉంటుంది, వెనుక అంతా డెంటినే. వెనుక భాగం ముందుగా అరుగుతుంది కాబట్టి కొన ఎప్పుడూ ఉలిలా ఏటవాలుగా తెగి ఉంటుంది. ఈ జాతి ముందు పళ్ళకు పెరగడం ఆగడమనేది లేదు. ప్రయోగశాల ఎలుకలో వారానికి రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతాయి. ఇందాక చిన్న జంతువుల్లో పట్టీలు ఉండవని చెప్పాను. ఎలుకలు దానికి మినహాయింపు. వాటి ముందు పన్నులో ఒక్కో పట్టీ మందం ఒక్క ప్రిజం మాత్రమే. ఒక వరుస ఇటు, పక్క వరుస అటు, మళ్ళీ ఒక వరుస ఇటు. నాకు తెలిసిన పింగాణి అల్లికల్లో ఇంత దట్టమైనది, ఇంత తీరైనది మరొకటి లేదు. సిమెంటు గోడను కొరికే జంతువు పన్ను అలాగే ఉండాలి. ఇండోనేషియాలోని కొమొడో డ్రాగన్ మన ఉడుముకు దగ్గరి బంధువు. దాని పళ్ళ కొన మీద, రంపంలాంటి అంచుల మీద కూడా ఇనుము పూత ఉందని 2024లో బయటపడింది.

అపటైట్ జోలికి పోకుండా పళ్ళు చేసుకున్న జీవులూ ఉన్నాయి. విశాఖపట్నం తీరంలో రాళ్ళను అంటిపెట్టుకుని గొడుగు ఆకారంలో లింపెట్ అనే నత్తజాతి జీవులు కనిపిస్తాయి. రాతి మీది నాచును గీకి తినడానికి వాటి నాలుకలాంటి పట్టీ మీద వరుసగా పళ్ళు ఉంటాయి. అందులోని ఖనిజం గోథైట్ అనే ఇనుప ఆక్సైడు, కైటిన్ అనే జీవ పదార్థపు నారల మధ్య సన్నని పోగులుగా ఉంటుంది. 2015లో బ్రిటన్ శాస్త్రవేత్తలు లింపెట్ పళ్ళ తన్యతా బలాన్ని, అంటే లాగినా తెగకుండా తట్టుకునే శక్తిని కొలిచి, అప్పటికి తెలిసిన జీవ పదార్థాలన్నింటిలో ఇదే బలమైనదని తేల్చారు. సాలీడు దారాన్ని కూడా మించింది. అక్కడా కారణం ఒకటే, పోగులు అతి సన్నగా ఉండటం, అవి నిలబడిన తీరు. లింపెట్‌కు దూరపు బంధువైన కైటన్ పళ్ళలో ఉన్నది మాగ్నటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. జీవి శరీరంలో ఆ ఖనిజం తయారవుతుందని 1962లో హైంజ్ లోవెన్‌స్టామ్ చూపించేదాకా అది భూగర్భంలోని వేడిలో మాత్రమే పుడుతుందని అనుకునేవారు. సముద్రపు బురదలో బతికే గ్లిసెరా అనే పురుగు కోరల్లో రాగి ఖనిజం ఉంది. ముళ్ళబంతిలా కనిపించే సముద్రజీవి సీ అర్చిన్ పళ్ళు సున్నపురాయి కుటుంబానికి చెందిన కాల్సైట్. ఇది మోస్ వరుసలో 3 మాత్రమే. అంత మెత్తని దానితో ఆ జీవి రాతిలో గుంత తొలుచుకుంటుంది. కారణాన్ని ఈపాటికి మీరే చెప్పగలరు.

పళ్ళలో ఖనిజం ఇంత దట్టంగా ఉండటం వల్ల ఎముకలు చెదిరిపోయిన చోట కూడా పళ్ళు మిగులుతాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలందరూ చూసే కోటాసారస్ అనే డైనోసార్ ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఆ భారీ జంతువు ముందు నిలబడటం గొప్ప అనుభవమే. అయితే అదే లోయ రాళ్ళలో దొరికిన ఒక చిన్న వస్తువు పేరు కూడా మనకు తెలియాలి: కోటాథీరియం. జురాసిక్ కాలపు క్షీరదం, దాన్ని గుర్తించింది పంటి ఆధారంగానే. మనకు ఇంకా దగ్గర, వికారాబాద్ వైపున్న నస్కల్ గ్రామంలో, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల పళ్ళు దొరికాయి. వాటి ఆధారంగా 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ డెక్కనోలెస్టిస్ అనే క్షీరదాన్ని ప్రపంచానికి చూపించారు. జురాసిక్ తరువాత వచ్చిన క్రెటేషియస్ కాలంలో, అంటే డైనోసార్ల చివరి కాలంలో, భారతదేశంలో తిరిగిన క్షీరదానికి అదే మొదటి ఆనవాలు. పళ్ళ పింగాణి సూక్ష్మ నిర్మాణాన్ని మన దేశంలో పట్టుబట్టి చదివిన తొలితరం శాస్త్రవేత్తల్లో సాహ్నీ ఒకరు. అవతల శివాలిక్ కొండల్లో దొరికిన పళ్ళ పింగాణిలోని కార్బొనేటును పరీక్షిస్తే, ఎనభై డెబ్భై లక్షల ఏళ్ళ కిందట అక్కడి జంతువుల మేత మారి, వేడి ప్రాంతపు గడ్డి ఎక్కువైందని తెలిసింది. ఇందాక స్ఫటికాన్ని బలహీనపరుస్తుందని చెప్పుకున్న కార్బొనేటే ఇక్కడ మేత వివరాలు చెప్పింది.

ఇక చివరి విషయం. ఇది చెప్పడానికే ముందు పింగాణి ఎలా తయారవుతుందో అంత వివరంగా చెప్పాను.

మన గ్రానైటులోని అపటైట్, బయొటైట్, ఫ్లోరైట్ నుంచి ఫ్లోరైడు భూగర్భ జలాల్లోకి దిగుతుంది. నల్లగొండ వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ నీరు తాగడం వల్ల వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్. 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఈ జబ్బు మీద మన దేశపు తొలి వైద్య నివేదిక వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేకపోతే 1.5 దాకా సరేనని మన ప్రమాణం. అంతకు మించిన నీరు తాగే బిడ్డలో, చిగురు లోపల పింగాణి తయారవుతున్న ఏళ్ళలో, ప్రొటీనును తీసేసి ఖనిజం నింపే పని మందగిస్తుంది. ప్రొటీను కొంత ఉండిపోతుంది, స్ఫటికాలు పూర్తిగా లావెక్కవు, పైపొర కింద పింగాణి గుల్లబారుతుంది. పన్ను వచ్చినప్పుడు సుద్దలా తెల్లగా ఉంటుంది. తరువాత గోధుమ మరకలు పడతాయి. సొరచేపకు మేలు చేసిన మూలకమే ఇక్కడ కీడు చేస్తోంది. ఖనిజంలో ఫ్లోరిన్ చేరడం దీనికి మూలం కాదు. అది కట్టే కణం పనిని చెడగొట్టడమే మూలం. టూత్‌పేస్టులోని ఫ్లోరైడు, తయారైపోయిన పన్ను పైన పనిచేస్తుంది, మింగకుండా ఉమ్మేస్తే మంచిదే. రెండింటినీ ఒకటిగా చూసి భయపడకండి.

ఆ బోరు నీరే పశువులూ తాగుతాయి. మన రైతులు పశువును కొనేటప్పుడు కింది పెదవి లాగి పళ్ళు చూస్తారు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా, నోరు కట్టిందా అని వయసు చెబుతారు. ఆవు, ఎద్దు కింది ముందు పళ్ళు ఒక్కో జతగా, ఒక్కో వయసులో తయారై వస్తాయి కాబట్టి, ఏ జత మీద మరకలున్నాయో చూస్తే ఆ పశువు ఏ వయసులో ఫ్లోరైడు నీరు తాగిందో తెలుస్తుంది. నడిమి జత శుభ్రంగా ఉండి, చివరి జతల మీద మరకలుంటే నీటి వనరు మధ్యలో మారి ఉంటుంది. కొత్త బోరు వేసి ఉండవచ్చు, పశువు వేరే ఊరికి అమ్ముడుపోయి ఉండవచ్చు.

ఇక్కడికి నల్లగొండ, యాదాద్రి, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఉన్నారు. మీ బడి పిల్లల ఇళ్ళలో పశువులు ఉంటాయి. రైతు సమక్షంలో, ఆయన చేతే పెదవి లాగించి, ఒక్కో జత మీద మరకలున్నాయా లేదా, ఇంటివాళ్ళు ఏ బోరు నీళ్ళు వాడతారు, ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారు అన్నవి పిల్లలతో నోటు పుస్తకంలో రాయించండి. మరకలున్న ఇంటి నీటిని పరీక్షకు పంపించండి. రాసే పద్ధతిని ఒక కాగితం మీద ముద్రించి తెచ్చాను, బయట బల్ల దగ్గర ఉంది, తీసుకువెళ్ళండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. దవడను పట్టుకుని వదలని ఆ పాపతో మొదలుపెడదాం.